దశమ భాగం పట్టికలో మా ఇంటి పేరు ఎదుట ఖాళీ గడి

గోపాలపట్నం_గృహిణి
మా చర్చి సంఘంలో రెండు నెలలుగా ఒక కొత్త పద్ధతి మొదలైంది. నెల చివరి ఆదివారం ప్రకటనలు చదివే సమయంలో, పాటలు చూపించే తెర మీదనే, కుటుంబాల వారీగా దశమ భాగం (ఆదాయంలో సంఘానికి ఇచ్చే పదో వంతు) పట్టికను చూపిస్తున్నారు. ఇచ్చినవారి పేరు ఎదుట మొత్తం ఉంటుంది, ఇవ్వనివారి పేరు ఎదుట గడి ఖాళీగా ఉంటుంది. రెండు నెలలూ మా గడి ఖాళీగానే కనిపించింది. మా వారి జీతం 28 వేలు. జనవరి నుంచి మా అత్తయ్యగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. చికిత్స ప్రభుత్వ పథకం కింద జరుగుతున్నా ఆటో ఖర్చులు, బయట కొనే మందులు, ఇంజక్షన్లు కలిపి నెలకు ఏడు వేలు దాటుతోంది. పెళ్లయిన 11 సంవత్సరాలలో మేము దశమ భాగం మానినది ఈ కొద్ది నెలలు మాత్రమే. పోయిన ఆదివారం గుమ్మం దగ్గర ఒక సంఘ పెద్ద నన్ను ఆపి, "దేవుని సొమ్ము ఇంట్లో ఉంచుకుంటే ఇంట్లో రోగం ఎలా పోతుందమ్మా" అన్నారు. ఆ మాట మా అత్తయ్యగారు కూడా విన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె చికిత్సకు పెట్టే డబ్బును దశమ భాగంగా లెక్కించుకోవచ్చా? అసలు అలా పేర్లు చూపించడం వాక్యానుసారమేనా?

జీలకర్ర_పుదీన
మా సంఘంలో ఇంకా తెర దాకా రాలేదు గానీ, క్యూఆర్ కోడ్ పక్కన మాట్లాడే పెట్టెను ఒకదాన్ని పెట్టారు. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా "పది రూపాయలు అందినవి" అని అది సంఘమంతటికీ వినిపించింది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు గానీ, ఆ పెట్టెకు తెలియకుండా ఎలా ఇవ్వాలో మాకు ఇంకా అర్థం కాలేదు.

పదోవంతు_ముందు
సోదరీ, ఆ పెద్ద అన్న మాట కఠినమైనది. రోగంలో ఉన్న మనిషి వినేలా అనవలసిన మాట కాదు. అయితే ఒకరి నోటి దురుసు వలన దశమ భాగమే తప్పు అనే నిర్ణయానికి రావద్దని నా మనవి. మోషే ధర్మశాస్త్రం రాకముందే అబ్రాహాము యాజకుడైన మెల్కీసెదెకుకు పదో వంతు ఇచ్చాడు, యాకోబు బేతేలులో మొక్కుకున్నాడు. కాబట్టి "అది పాత నిబంధన, మనకు వర్తించదు" అనే వాదన నిలబడదు. నేను 26 సంవత్సరాలుగా కోతలకు ముందున్న జీతం మీదనే లెక్కగట్టి ఇస్తున్నాను. 2001లో నా ఉద్యోగం పోయి, ఏడు నెలలు ట్యూషన్లు చెప్పుకున్నప్పుడు కూడా మానలేదు. మందుల ఖర్చు మన బాధ్యత, పదో వంతు దేవునిది. రెండింటినీ ఒకే సంచిలో వేయకూడదు.

లెక్కలపుస్తకం
పైన రాసిన సోదరుని నిష్ఠకు నా గౌరవం. నేను గాజువాకలో ఒక సంఘానికి తొమ్మిదేళ్లు కోశాధికారిగా పనిచేశాను కనుక ఈ విషయం మీద కొంత చదవవలసి వచ్చింది. అబ్రాహాము ఇచ్చినది నెల జీతంలోనుంచి కాదు. యుద్ధంలో వచ్చిన కొల్లసొమ్ములోనుంచి, ఒక్కసారి ఇచ్చాడు, మిగిలినదానిలో తనకోసం నూలుపోగైనా తీసుకోనన్నాడు. యాకోబు మొక్కులో షరతు ఉంది: నాకు అన్నవస్త్రాలిచ్చి క్షేమంగా తిరిగి తీసుకొస్తే ఇస్తాను అన్నాడు. ఇక ధర్మశాస్త్రం పదో వంతు కోరినది పొలం పంట మీద, చెట్ల కాపు మీద, మంద మీద. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం పూర్తిగా చదవండి. ఆ పదో వంతును దేవుని సన్నిధిలో కుటుంబమంతా కూర్చుని తినమని ఉంది. మూడో సంవత్సరం వచ్చినదాన్ని ఊరిలోనే ఉంచి, మందిర సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందేలా చేయమని ఉంది. పదో వంతు ఇవ్వకపోవడం దేవుని దగ్గర దొంగిలించడమేననే మలాకీ 3వ అధ్యాయం 8 నుంచి 10 వచనాలు మన ప్రసంగాలలో వినబడినంతగా ఈ అధ్యాయం వినబడదు. అదే మలాకీ 3లో మూడు వచనాలు వెనక్కి వెళితే, కూలివాని కూలి విషయంలోను, విధవరాండ్ర విషయంలోను అన్యాయం చేసేవారి మీద దేవుడు సాక్ష్యం పలుకుతాడని ఉంటుంది. ఆ వచనాన్ని తెర మీద చూపించిన సంఘాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

పదోవంతు_ముందు
అయితే మత్తయి 23:23 సంగతి ఏమిటి? పుదీనలో, సోపులో, జీలకర్రలో పదో వంతు చెల్లించే పరిసయ్యులతో ప్రభువు "అది మానండి" అనలేదు. న్యాయం, కనికరం, విశ్వాసం చేయాలి, దాన్నీ మానకూడదు అన్నాడు.

జీలకర్ర_పుదీన
నా పేరు ఎత్తారు కనుక మాట్లాడక తప్పదు. ఆ మాట అన్నది దేవాలయం ఇంకా నిలిచి ఉన్న కాలంలో, ధర్మశాస్త్రం కింద ఉన్న పరిసయ్యులతో. ఆ వచనంలో ముఖ్యమైనవని ఆయన పేర్కొన్న మూడింటిలో జీలకర్ర లేదు.

రాస్‌కొండమెట్లు
నేను కతోలికుణ్ణి కనుక మీ కానుక కవర్ల పద్ధతి నాకు అంతగా అలవాటు లేదు. మా శ్రీసభ నియమాలలో సంఘ అవసరాలకు ఎవరి శక్తి కొలది వారు సహాయం చేయాలని ఉంటుంది గానీ, ఇంత శాతమని ఉండదు. అయితే ప్రశ్న అడిగిన సోదరి మార్కు 7వ అధ్యాయం చూడాలి. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని "ఇది కొర్బాను, దేవునికి అర్పించాను" అని చెప్పి చేతులు దులుపుకొనేవారిని యేసు ఎంత గట్టిగా మందలించాడో అక్కడ ఉంది. అత్తగారిని ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లే డబ్బును ఆపి సంచిలో వేయమని చెప్పేవారు, తెలియకుండానే ఆ కొర్బాను వైపు నిలబడుతున్నారు.

పదోవంతు_ముందు
ఆ మాటకు నేను కట్టుబడతాను. కొర్బాను గురించి నాకు అభ్యంతరం లేదు. కానీ నాణేనికి ఇంకో వైపు కూడా చూడండి. కొత్త ఫోను కొనుక్కుని, నెల వాయిదా కట్టుకుంటూ, కానుక దగ్గరకు వచ్చేసరికి "అమ్మ మందులు" అని చెప్పేవారు మన మధ్య లేరా? తల్లిదండ్రులను అడ్డుపెట్టి దేవునికి ఎగ్గొట్టడం కూడా కొర్బానుకు తమ్ముడే. ఈ సోదరి అటువంటి వారు కారని వారి మాటల్లోనే తెలుస్తోంది.

చేపలరేవు
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు కనుక ఆ 61 రోజులు మా వీధిలో చాలా ఇళ్లలో చీటీలు, చేబదుళ్లే. ఆ రెండు నెలలకు తెర మీద మా పేటంతా ఖాళీ గడులే కనబడతాయి. వేట ఉన్న రోజుల్లో కూడా డీజిలు, మంచు, యజమాని వాటా పోగా మిగిలినదాంట్లో పదో వంతు తీయాలా, ముందే తీయాలా అన్నది మా నాన్న ఏనాడూ లెక్క వేయలేదు. తొలి వలలో పడిన పెద్ద చేపను పాస్టరు గారింటికి పంపేవాడు, అంతే.

పాస్టరమ్మ_భీమిలి
ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నాను గానీ, కానుకల సంచి అవతలి వైపు నుంచి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

మాది 43 కుటుంబాల సంఘం. నెల జీతం అంటూ లేదు. ఆదివారం సంచిలో వచ్చినదే మాకు, హాలు అద్దెకు, కరెంటు బిల్లుకు. ఆదివారం ఉదయం ఏడు గంటలకు మబ్బు పడితే విశ్వాసులకు గొడుగు గుర్తొస్తుంది, నాకు కిరాణా కొట్టు బాకీ గుర్తొస్తుంది. చిన్నప్పుడు మా చిన్నవాడు నాణేలను ఐదేసి చొప్పున దొంతరలుగా పేర్చి, దొంతరలను బట్టి ఆ వారం కోడికూర ఉంటుందో లేదో చెప్పేవాడు. ఊళ్లో ఏ కొట్టులోనూ చెల్లని చిరిగిన నోట్లన్నీ చివరికి మా ఇంటికే చేరతాయి. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయవద్దని పౌలు రాసింది మా వంటి వారి కోసమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా రేకులన్నీ ఎగరగొట్టినప్పుడు, కొత్త రేకులు అరువిచ్చినది ఎదురుగా ఉన్న హిందూ దుకాణదారుడు. ఆ బాకీ తీరడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది. కాబట్టి "ఇవ్వకపోయినా ఫరవాలేదు" అని తేలికగా రాసేవారిని చూస్తే నాకు కొంచెం కోపం వస్తుంది.

ఇది చెప్పిన తరువాత పట్టిక గురించి చెబుతాను. ఒక సంవత్సరం మేము కూడా పేర్లు చదివించాము. తెర లేదు కనుక కార్యదర్శి నిలబడి చదివేవారు. నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఒక విధవరాలు నెలకు యాభై రూపాయలు ఇచ్చేది. ఐదు వేలు, మూడు వేలు, రెండు వేలు అని చదువుతూ వచ్చి ఆమె పేరు దగ్గర "యాభై" అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు, ఏమీ అనలేదు. కానీ మరుసటి ఆదివారం నుంచి ఆమె రావడం మానేసింది. నేను వాళ్లింటికి వెళ్లాను. "నా యాభై ఇన్నాళ్లూ నాకు పెద్దదిగానే ఉండేదమ్మగారూ, అందరి ముందూ చదివేసరికి చిన్నదైపోయింది" అంది. ఆ నెలతోనే చదివించడం ఆపేశాము. ఆమె తిరిగి రావడానికి మాత్రం సంవత్సరం పట్టింది.

గోపాలపట్నం_గృహిణి
అమ్మగారూ, మీ మాటలు మా అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

లెక్కలపుస్తకం
తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన విధవరాలి మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. లూకా సువార్తలో ఆ సంఘటనకు ముందున్న వచనంలోనే, విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూ దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల (ధర్మశాస్త్ర బోధకుల) గురించి ప్రభువు హెచ్చరిస్తాడు. అధ్యాయం సంఖ్య మారేసరికి మనం ఆ రెండింటినీ విడదీసి చదువుతాము. ఆమెను మెచ్చుకున్నాడన్నది నిజమే; ఆమె దగ్గర చివరి కాసు కూడా మిగలకుండా చేసిన ఏర్పాటును కూడా ఆయన చూస్తూనే ఉన్నాడు.

పాతనగరం_1805
ఈ తెరల పద్ధతి క్రొత్తదేమో గానీ చర్చ మాత్రం పాతది. సుమారు 197వ సంవత్సరంలో కార్తేజి నగరపు క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ తన సమర్థన గ్రంథంలో, క్రైస్తవులు నెలకొకసారి, ఇష్టముంటే, శక్తి ఉంటే, కొద్ది మొత్తం పెట్టెలో వేస్తారని, బలవంతం ఏమీ లేదని రాశాడు. ఆ డబ్బుతో పేదలకు భోజనం, శవసంస్కారం, తల్లిదండ్రులు లేని పిల్లల పోషణ, ఇల్లు కదలలేని ముసలివారి సంరక్షణ, ఓడ బద్దలై నష్టపోయినవారికి సహాయం జరిగేదట. మన సముద్రతీరంలో ఆ చివరి ఖర్చు ఏ సంఘపు లెక్కల్లోనైనా ఉందా?

ఇంకో మాట. 1805లో లండను మిషనరీ సొసైటీ వారు క్రాన్, దే గ్రాంజ్ ఇద్దరినీ మన విశాఖపట్నానికే పంపారు. తెలుగువారి మధ్య ప్రొటెస్టెంటు మిషను పని ఇక్కడ మొదలైనప్పుడు ఖర్చంతా సముద్రం అవతలి నుంచి వచ్చేది. సంఘం తన కాళ్ల మీద తాను నిలబడాలని తరువాతి తరాలు నేర్పవలసి వచ్చింది. పిడికెడు బియ్యం అలవాటు మన అమ్మమ్మల తరం దాకా కొనసాగింది. పూట పూటా అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు, వారం చివర స్త్రీల కూటమి వారు వచ్చి పట్టుకెళ్లేవారు. మిజోరం సంఘాలలో 1910లో మొదలైన ఇదే పద్ధతి ఇప్పటికీ కొనసాగుతోంది. ఆ పిడికెడులో ధనిక, పేద తేడా పెద్దగా ఉండదు. అరచేతులు ఇంచుమించు ఒకే కొలత కదా.

జీలకర్ర_పుదీన
మా మేనత్త చెయ్యి చూడలేదు మీరు. ఆవిడ పిడికెడు తీస్తే ఇంట్లో ఒకరు పస్తుండాలి.

రుషికొండ_కోడర్
కోత పండుగలో కానుక వస్తువులను వేలం వేసే మాట కూడా ఎత్తాలి. పోయిన సంవత్సరం మా సంఘంలో ఒక కొబ్బరికాయ ఆరు వేలకు పలికింది, పాడుకున్నది నేనే. బోనసు వచ్చిన ఉత్సాహంలో ఇంకో కుటుంబంతో పోటీపడ్డాను. చప్పట్లు కొట్టారు, ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఇంటికి వెళ్లాక నా భార్య ఒక్కటే అడిగింది: అదే ఆరు వేలు ఎవరూ చూడకుండా సంచిలో వేసేవారా? నా దగ్గర సమాధానం లేదు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాణ్ణి మంచి స్థలంలో కూర్చోబెట్టవద్దని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉన్న సంగతి ఆ తరువాత గుర్తుకొచ్చింది.

చేపలరేవు
కొబ్బరికాయ కొట్టి చట్నీ అయినా చేసుకున్నారా?

రుషికొండ_కోడర్
కుళ్లిపోయింది.

ఆడిటర్_ద్వారకానగర్
నా వృత్తిరీత్యా ఒక ప్రశ్న. గృహిణి గారూ, ఎవరెంత ఇచ్చారో చూపిస్తున్న ఆ తెర మీద, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో ఎప్పుడైనా చూపించారా? మీ సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదై ఉంటే, ఏటా సర్వసభ్య సమావేశం జరిపి లెక్కలు సభ్యుల ముందు పెట్టవలసిన బాధ్యత దానికి ఉంది. కొందరు రసీదు అడిగేది పన్ను మినహాయింపు కోసమని భావిస్తారు; నిజానికి పూర్తిగా మతపరమైన సంస్థలకు ఇచ్చేదానికి సాధారణంగా ఆ మినహాయింపు దొరకదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అసలే వర్తించదు. రసీదు విలువ పన్నులో లేదు, ఆ డబ్బు పుస్తకంలోకి ఎక్కిందన్న సాక్ష్యంలో ఉంది.

గోపాలపట్నం_గృహిణి
11 సంవత్సరాలలో ఒక్కసారి కూడా ఖర్చుల పట్టిక చూడలేదు. మీరు అడిగేవరకు నాకు ఆ ఆలోచనే రాలేదన్నది సిగ్గుగా ఉంది.

లెక్కలపుస్తకం
సిగ్గుపడవలసినది మీరు కాదు. రాజులు రెండో గ్రంథం 12వ అధ్యాయం చూడండి. మందిరం బాగుచేయమని ప్రజల డబ్బు యాజకులకు అప్పగిస్తే, యోవాషు రాజు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా పగుళ్లు అలాగే ఉన్నాయి. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేయించి, బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవారు. ఒక్కరు లెక్కపెట్టరాదన్న నియమం అంత పాతది. నెహెమ్యా కూడా, లేవీయులకు భాగం అందక పొలాలకు పారిపోయారని తెలిసి, ప్రజల మీద కేకలు వేసి ఊరుకోలేదు. నమ్మకస్తులని పేరున్నవారిని ఖజానా మీద నియమించాడు. పౌలు యెరూషలేము బీదల కోసం పోగుచేసిన చందాను తీతుతో పాటు ఇంకొక సహోదరుడిని కూడా పంపి తెప్పించాడు. ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలన్నది ఆయన పట్టుదల. పౌలు వంటివాడే తన మీద నింద రాకుండా అంత జాగ్రత్త పడితే, మన కమిటీలకు "నమ్మకం లేదా?" అని ఎదురు ప్రశ్నించే హక్కు ఎక్కడిది?

నేను కోశాధికారిగా ఉన్నప్పుడు నా మీద కూడా ఒకసారి అనుమానం వచ్చింది. 1,840 రూపాయలు తేడా. మూడు రాత్రులు నిద్ర లేదు. చివరికి జనరేటరు డీజిలు బిల్లు రెండుసార్లు రాశానని తేలింది. పుస్తకం అందరి ముందూ తెరిచి ఉండబట్టే అది తేలింది, లేకపోతే ఈ రోజుకీ నేను దొంగనే.

పదోవంతు_ముందు
ఈ విషయంలో నాకు భేదాభిప్రాయం లేదు. 26 సంవత్సరాలుగా ఇస్తున్నానని గొప్పగా రాశాను గానీ, ఖర్చు ఎలా అయిందో నేను కూడా ఒక్కసారీ అడగలేదు. ఇవ్వడంతో నా పని అయిపోయిందనుకున్నాను. దశమ భాగం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదని గమనించగలరు.

రాస్‌కొండమెట్లు
మార్చుకోమని ఎవరూ అనలేదండీ. ఇష్టపూర్వకంగా ఇచ్చేవారు పదో వంతు ఇచ్చినా, జక్కయ్యలా సగం ఇచ్చినా అభ్యంతరం ఎవరికి? పొలం అమ్మకముందు అది నీదే, అమ్మిన తరువాత కూడా సొమ్ము నీ వశంలోనే ఉంది కదా అని పేతురు అననీయను అడిగాడు. అతని తప్పు తక్కువ ఇవ్వడం కాదు, అంతా ఇచ్చినట్లు కనబడాలనుకోవడం. తెర మీద పట్టిక అందరినీ మెల్లగా ఆ కనబడాలనే కోరికలోకే నెడుతుంది.

పాస్టరమ్మ_భీమిలి
గృహిణి గారూ, అయ్యగారి దగ్గరకు వెళితే గుంపుగా వెళ్లి నిలదీయకండి. పట్టిక ఎవరి ఆలోచనో ముందు తెలుసుకోండి. కమిటీ పెట్టిన ఒత్తిడిని ఇంటికి తెచ్చుకుని నిద్రపోని పాస్టర్లు చాలామంది ఉన్నారు.

గోపాలపట్నం_గృహిణి
మూడు వారాల తరువాత రాస్తున్నాను. మేమూ, ఇంకో రెండు కుటుంబాలవారూ కలిసి అయ్యగారింటికి వెళ్లాము. అమ్మగారు ఊహించినట్లే, పట్టిక ఆయన ఆలోచన కాదు. పై అంతస్తు కట్టడానికి డబ్బు చాలడం లేదని కమిటీలో ఒకరు పెట్టిన ప్రతిపాదన. అత్తయ్యగారు వినేలా ఆ సంఘ పెద్ద అన్న మాట గురించి చెప్పగానే ఆయన మంచం పక్కన నేల మీదనే కూర్చుండిపోయారు. ఇప్పుడు మంగళవారం డయాలసిస్‌కు వాళ్లబ్బాయి తన బండి మీద ఆవిడను తీసుకెళుతున్నాడు.

నిన్న నెల చివరి ఆదివారం. పేర్ల పట్టిక చూపించలేదు. దాని బదులు మూడు నెలల ఖర్చుల పట్టికను మొదటిసారి చూపించారు. కరెంటు, మైకుల మరమ్మతు, కట్టడం నిధి, అతిథి ప్రసంగీకులకు కానుకలు అన్నీ వరుసగా ఉన్నాయి. సగం మంది ఫోనుల్లో ఫొటోలు తీసుకున్నారు. అట్టడుగున "పేదల సహాయం: 500" అని ఉంది. వెనక వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ, ఆవిడ ఎప్పుడూ నోరు విప్పని మనిషి, లేచి నిలబడి, "ఆ ఐదొందలు ఎవరికిచ్చారు బాబూ?" అని అడిగారు. కోశాధికారి గారికి గుర్తుకు రాలేదు. వచ్చే నెల చెబుతామన్నారు.

మేము ఈ నెల 700 వేశాము. కవరు మీద పేరు రాయలేదు.

లెక్కలపుస్తకం
వచ్చే నెల ఆ ముసలావిడను ముందు వరుసలో కూర్చోబెట్టండి.